ముందు చెట్టు, తర్వాత పురుగు, ఆ తర్వాతే పిట్ట: అమెరికా తూర్పు రాష్ట్రాల్లో వసంత వలస పక్షులను చూసే పద్ధతి

ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే మూడో వారం దాకా అమెరికా తూర్పు రాష్ట్రాల మీదుగా రాత్రిపూట కోట్లాది చిన్న పిట్టలు ఉత్తరానికి ఎగిరిపోతుంటాయి. వాటిలో పిట్టలు చూసేవాళ్లంతా ఏడాది పొడవునా ఎదురుచూసేవి వార్బ్లర్లు. బరువు 10 గ్రాములు అటూ ఇటూ. చలికాలం మధ్య అమెరికాలోనో, కరీబియన్ దీవుల్లోనో, దక్షిణ అమెరికాలోనో గడిపి, గూళ్లు కట్టుకోవడానికి ఇక్కడి అడవులకూ కెనడాకూ బయల్దేరతాయి. రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి ఎక్కడ పచ్చదనం కనిపిస్తే అక్కడ దిగుతాయి. దిగగానే వాటికి కావలసింది తిండి. ఆ తిండి చాలావరకు పురుగులే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసే పని ఒకటే: బైనాక్యులర్స్ పట్టుకుని కొమ్మల్లో రంగు కోసం వెతకడం. ఆకులు కదులుతుంటాయి, మెడ నొప్పి పుడుతుంది, ఒక్క పిట్టా సరిగ్గా కనిపించకుండానే పొద్దెక్కుతుంది. అంతకంటే సులువైన దారి ఉంది. ముందు చెట్టు చూడండి, ఆ చెట్టుకు పురుగు పట్టిందో లేదో చూడండి. పురుగు ఉన్న చెట్టు కింద కాసేపు నిలబడితే చాలు, పిట్ట తనంతట తానే వస్తుంది.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, ఒహాయో, మిషిగన్, షికాగో వైపు ఉన్నవాళ్లకు ఇక్కడ చెప్పేదంతా వర్తిస్తుంది. టెక్సాస్ వాళ్లకు ఇదంతా రెండు మూడు వారాలు ముందే మొదలవుతుంది, తేదీలు అలా లెక్కేసుకోవాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే నెలలు కూడా ఇవే కాబట్టి, వాళ్ల మార్నింగ్ వాక్‌కి ఇంతకంటే మంచి కాలక్షేపం నాకైతే తోచదు.

1. ఓక్ చిగురు విచ్చుకునే రోజులు కనిపెట్టండి

ఉత్తరానికి ఎప్పుడు బయల్దేరాలో పిట్టకు ముఖ్యంగా పగటి పొడవును బట్టి తెలుస్తుంది. చెట్టు చిగురు వేసేది వేడిని బట్టి. అందుకే ఒక ఏడాది పిట్టలు వచ్చేసరికి ఓక్ ఇంకా మొగ్గ మీదే ఉంటుంది, ఇంకో ఏడాది ఆకు ముదిరిపోయి ఉంటుంది. కాబట్టి క్యాలెండర్‌తో పాటు చెట్టునీ చూసుకోవాలి.

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో రెడ్ మేపుల్ పూస్తుంది. అప్పుడొచ్చేవి పైన్ వార్బ్లర్, పామ్ వార్బ్లర్, ఎల్లో-రంప్డ్ వార్బ్లర్. ఎల్లో-రంప్డ్ వార్బ్లర్‌ బేబెర్రీ కాయల మీది మైనాన్ని కూడా అరిగించుకోగలదు. అందుకే పురుగు దొరకని చలిలోనూ అది నెట్టుకొస్తుంది, మిగతావాటి కంటే ముందే కనిపిస్తుంది. అసలు గుంపు మాత్రం ఓక్ కోసం ఆగాలి.

న్యూజెర్సీ చుట్టుపక్కల ఏప్రిల్ చివర్లో ఓక్ మొగ్గలు విచ్చుకుంటాయి. కొత్త ఆకు ఎర్రగానో, లేత ఆకుపచ్చగానో, సన్నటి నూగుతో ఉంటుంది. దాని పక్కనే మగపూల సన్నటి జడలు పసుపుపచ్చగా వేలాడతాయి. ఆ జడలు కనిపించిన రోజు నుంచి ఆకు పూర్తిగా విప్పుకుని ముదురు ఆకుపచ్చకు తిరిగే దాకా ఉన్న రెండు మూడు వారాలే మీకు ముఖ్యం. సెలవు పెట్టుకునే వీలుంటే అప్పుడే పెట్టుకోండి.

ఆ రోజులే ఎందుకంటే, లేత ఓక్ ఆకులో టానిన్ (వగరునిచ్చే పదార్థం) తక్కువ, మెత్తన కూడా. ఆకు ముదిరేకొద్దీ టానిన్ పెరుగుతుంది, ఆకు గట్టిపడుతుంది, గొంగళి పురుగుకు అది ఒంటబట్టదు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఓక్ చెట్ల మీద పనిచేసిన పాల్ ఫీనీ ఈ సంగతిని 1970లోనే చూపించాడు. కాబట్టి పురుగు చిగురుతో పాటే గుడ్డులోంచి బయటపడాలి. ఇక్కడి ఫాల్ కాంకర్‌వార్మ్ అనే గొంగళి పురుగునే తీసుకోండి. అది ఎదిగి చిమ్మటగా మారాక కూడా ఆడదానికి రెక్కలుండవు. చలికాలం ముందు మాను మీదుగా నడుచుకుంటూ పైకెక్కి, సన్నటి రెమ్మల మీద గుడ్లు పెట్టేసి చనిపోతుంది. ఆ గుడ్లు మంచులో తడుస్తూ అలాగే ఉండి, మొగ్గ విచ్చే రోజుల్లో పగులుతాయి. పురుగుకు ఆకు ఆ కాసిన్ని రోజులే, పిట్టకు పురుగూ ఆ కాసిన్ని రోజులే. వెయ్యి మైళ్ల అవతల బయల్దేరిన పిట్ట సరిగ్గా ఆ సందులో ఇక్కడికి చేరడం నన్ను ప్రతి వసంతంలోనూ ఆశ్చర్యపరుస్తుంది.

సీజన్ ముగింపుకీ ఒక గుర్తుంది. నల్ల టోపీ, తెల్ల చెంపలున్న బ్లాక్‌పోల్ వార్బ్లర్లు ఎక్కువగా కనిపిస్తున్నాయంటే వలస చివరికొచ్చినట్టే.

2. ముందు రోజు రాత్రే గాలి చూసుకోండి

దక్షిణం నుంచి వెచ్చటి గాలి వీచే రాత్రి పిట్టలు పెద్ద సంఖ్యలో లేస్తాయి. సూర్యాస్తమయం అయిన అరగంట, ముప్పావుగంటకే వాతావరణ రాడార్ మీద ఆ గుంపులు కనిపిస్తాయి. కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ వాళ్ల బర్డ్‌కాస్ట్ వెబ్‌సైట్ ఈ రాడార్ సమాచారంతోనే ఏ రాత్రి ఎంత వలస ఉండొచ్చో ముందుగా చెబుతుంది. ఉచితం. పడుకునే ముందు ఒకసారి చూసుకుంటే అలారం పెట్టాలా వద్దా తేలిపోతుంది.

రాత్రి దక్షిణపు గాలి వీచి, తెల్లవారుజామున వాన పడిందంటే మాత్రం ఎలాగైనా వెళ్లండి. వాన ఎగిరే పిట్టల్ని కిందికి దించేస్తుంది. ఉత్తరం గాలి తిరిగి చలి వేసిన రోజున కొత్త పిట్టలు రావు కానీ, ఉన్నవి ముందుకు కదల్లేక అక్కడే తింటూ ఉండిపోతాయి. అలాంటి చలి ఉదయం ఎత్తు కొమ్మల్లో పురుగు కదలదు, పిట్టలూ కిందికి దిగుతాయి. ఎండ మొదట పడే అంచులు, చెరువు గట్లు చూడండి.

3. చోటు ఎంచుకోండి

పేరున్న చోట్లు చాలా ఉన్నాయి. న్యూజెర్సీలో గారెట్ మౌంటెన్, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోని రాంబుల్, బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో 1831లో ఏర్పడిన మౌంట్ ఆబర్న్ శ్మశానవాటిక, షికాగోలో మాంట్రోజ్ పాయింట్, ఒహాయోలో మాగీ మార్ష్. వీటి కిటుకు ఒకటే. చుట్టూ కాంక్రీట్, మధ్యలో పచ్చటి ముక్క. లేదంటే ముందు పెద్ద నీళ్లు, దాటే ముందు ఆగాల్సిన ఆఖరి చెట్లు. మాగీ మార్ష్ ఎరీ సరస్సు ఒడ్డున ఉంది. చెక్క బోర్డ్‌వాక్ మీద నిలబడితే వార్బ్లర్లు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో తింటూ కనిపిస్తాయి. టెక్సాస్‌లో ఏప్రిల్ నెలలో హై ఐలండ్ అలాంటిదే. దాదాపు 1,000 కిలోమీటర్ల గల్ఫ్ నీళ్లు ఆగకుండా దాటి వచ్చిన పిట్టలకు అక్కడి ఓక్ చెట్లే మొదటి నీడ.

ఇంత దూరం వెళ్లాల్సిన పని లేదు. మీ టౌన్ పార్క్‌లో పాత ఓక్ చెట్లు నాలుగుంటే చాలు.

4. చెట్టును చదవండి

నన్నడిగితే ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

మొదట ఓక్. తూర్పు అమెరికాలో గొంగళి పురుగులను ఇంతగా పోషించే చెట్టు మరొకటి లేదు. డెలవేర్ యూనివర్సిటీలో పనిచేసే డగ్ టాలమీ లెక్కలో తూర్పు తీరపు మధ్య రాష్ట్రాల్లోనే 500కు పైగా జాతుల పురుగులు ఓక్ మీద పెరుగుతాయి. దాని తర్వాత బ్లాక్ చెర్రీ, విల్లో, బర్చ్ చూడండి. పూత మీదున్న ఎల్మ్, మేపుల్ చెట్లూ వదలొద్దు, పూల చుట్టూ తిరిగే చిన్న పురుగుల కోసం పిట్టలు వస్తాయి.

వదిలేయాల్సిన చెట్లు కూడా తెలుసుకోవాలి. చైనా నుంచి తెచ్చిన జింగో చెట్టు ఆకు మీద ఒక్క చిల్లు కనిపించడం అరుదు. వసంతంలో తెల్లగా విరగబూసే బ్రాడ్‌ఫర్డ్ పేర్ చెట్లను అపార్ట్‌మెంట్ల ముందు వరుసగా నాటారు. చూడ్డానికి బాగుంటాయి, పిట్టకు మాత్రం వాటిలో పెద్దగా దొరికేదేమీ లేదు. పైగా అవి విత్తనాలు చల్లుకుంటూ అడవుల్లోకి పాకుతున్నాయి. అందుకే ఒహాయో 2023లో, పెన్సిల్వేనియా 2024లో వాటి అమ్మకాన్ని నిషేధించాయి.

ఇప్పుడు అందే ఎత్తులో ఉన్న ఓక్ కొమ్మ దగ్గరికి వెళ్లండి. ఆకుల్లో చిన్న చిన్న గుండ్రటి చిల్లులున్నాయా? అంచులు కొరికినట్టున్నాయా? కింది ఆకుల మీద నల్లటి ఆవాల్లాంటి రెట్ట పడిందా? మొహానికి సన్నటి దారం తగిలిందా? చెట్టు మీదినుంచి దారం పట్టుకుని వేలాడే ఆకుపచ్చ పురుగులు కాంకర్‌వార్మ్‌ల లాంటివి. నడుము విల్లులా పైకి వంచి, కొలత వేస్తున్నట్టు నడుస్తాయి. ఆముదం చేలో దాసరి పురుగును చూసినవాళ్లు ఆ నడక ఇట్టే గుర్తుపడతారు.

చుట్టుకుపోయిన ఆకు దొరికితే ఒకటి నెమ్మదిగా విప్పి చూడండి. లోపల తెల్లటి పట్టు పోగులతో రెండు అంచులూ కుట్టినట్టు ఉంటాయి. మధ్యలో బియ్యపు గింజంత పురుగు. వేలు తగలగానే వెనక్కి వెనక్కి జారుతూ, దారం వదులుతూ కిందికి దూకేస్తుంది. వరిలో ఆకుచుట్టు పురుగు చేసే పని కూడా ఇదే. వార్బ్లర్లు ఈ చుట్టల్లోకి సన్నటి ముక్కు దూర్చి, పురుగును లాగి తింటాయి. బ్లాక్ చెర్రీ కొమ్మల పంగల్లో తెల్లటి పట్టు గుడారం కనిపిస్తే అది టెంట్ క్యాటర్‌పిల్లర్ల ఇల్లు. వాటికి ఒళ్లంతా నూగు, చాలా పిట్టలు ముట్టుకోవు. ముట్టుకునేవి కుకూలు. అవి ఆ నూగు అంతా పేరుకున్న కడుపు లోపలి పొరనే ఊడదీసి బయటికి కక్కేసి, మళ్లీ తినడానికి సిద్ధమవుతాయి. కుకూ పాటలు పాడే పిట్టల కోవలోది కాకపోయినా మే రెండో సగంలో గుడారాలున్న చెట్టు దగ్గర కాపు కాసి చూడదగ్గది.

లెక్క పెట్టాలనిపిస్తే పాత తెల్ల దుప్పటి తీసుకెళ్లండి. కొమ్మ కింద పరిచి పట్టుకుని, కర్రతో కొమ్మ మీద నాలుగు దెబ్బలు వేస్తే పురుగులు, సాలీళ్లు, పెంకు పురుగులు రాలతాయి. చూసి, ఫొటో తీసుకుని, చెట్టు మీదికే దులిపేయండి. పిల్లలు దీనికి అతుక్కుపోతారు. నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్ల క్యాటర్‌పిల్లర్స్ కౌంట్ అనే ప్రాజెక్ట్‌లో మీ లెక్కలు కూడా చేర్చొచ్చు. అందులో ఒక పద్ధతి 50 ఆకులు తిప్పి చూసి, దొరికిన వాటిని రాయడం.

సరస్సుల ఒడ్డున మాత్రం కథ వేరు. మే నెలలో గ్రేట్ లేక్స్ నుంచి కుట్టని చిన్న దోమల్లాంటి మిడ్జ్‌లు పొగలా లేస్తాయి. ఆకు ఇంకా రాకపోయినా వలస పిట్టలు ఆకలి తీర్చుకునేది వాటితోనే. షికాగో, క్లీవ్‌లాండ్ వైపు ఉన్నవాళ్లు వాటిని చూసి విసుక్కోవడం మానేసి, అవి వాలిన పొదలను చూడండి.

5. ఏ అంతస్తులో ఎవరున్నారో తెలుసుకోండి

రాబర్ట్ మెకార్థర్ అనే శాస్త్రవేత్త 1958లో ఒక పరిశోధన ప్రచురించాడు. ఐదు రకాల వార్బ్లర్లు ఒకే స్ప్రూస్ అడవిలో పురుగులు తింటూ ఎలా బతుకుతున్నాయి అన్నది అతని ప్రశ్న. చెట్టును పై నుంచి కిందికి, లోపలి నుంచి బయటికి భాగాలుగా విడదీసి, ఏ పిట్ట ఏ భాగంలో ఎంతసేపు గడుపుతోందో సెకన్ల లెక్కన రాసుకున్నాడు. కేప్ మే వార్బ్లర్, బ్లాక్‌బర్నియన్ శిఖరం వైపు, బే-బ్రెస్టెడ్ నడిమి భాగపు లోపలి కొమ్మల్లో, ఎల్లో-రంప్డ్ ఎక్కువగా కింద. చెట్టు ఒకటే అయినా వంటిళ్లు వేరు వేరు.

అది గూళ్లు కట్టే అడవిలో తేలిన సంగతి. వలసలో ఉన్నప్పుడు ఇంత కచ్చితంగా ఉండవు కానీ అలవాట్లు పోవు. మాను మీద తలకిందులుగా పాకుతూ బెరడు సందుల్లో వెతికే నలుపు తెలుపు చారల పిట్ట బ్లాక్-అండ్-వైట్ వార్బ్లర్. తోకను విసనకర్రలా విప్పి మూస్తూ, ఆ బెదురుకి లేచిన పురుగును గాల్లోనే పట్టేది అమెరికన్ రెడ్‌స్టార్ట్. తోక పైకెత్తి ఆకుల అడుగు భాగం చూసుకుంటూ పోయేది చెస్ట్‌నట్-సైడెడ్. రెమ్మ చివర వేలాడుతూ తినేది నార్తర్న్ పరూలా. పొదల్లో నడుము ఎత్తులో ఉండేవి కెనడా వార్బ్లర్, బ్లాక్-త్రోటెడ్ బ్లూ. ఓవెన్‌బర్డ్ తిండి కోసం చెట్టెక్కదు, రాలిన ఆకుల మీద కోడిపిల్లలా నడుస్తూ తింటుంది. ఒకే కొమ్మ మీద నింపాదిగా ఆకు ఆకూ చూసుకుంటూ కదిలేది వార్బ్లర్ కాదు, రెడ్-ఐడ్ విరియో. ఎర్రటి ఒళ్లు, నల్లటి రెక్కలతో పైకొమ్మల్లో కూర్చుని పెద్ద పురుగునే కొమ్మకేసి బాదుతుంటే అది స్కార్లెట్ టానజర్.

రంగులన్నీ ఒక్కసారిగా బట్టీ పట్టకండి. ఎంత ఎత్తులో ఉంది, ఎలా కదులుతోంది, ఏం తింటోంది అన్న మూడూ రాసుకోండి. సగం పేర్లు వాటితోనే తేలతాయి.

6. చూసేటప్పుడు

బైనాక్యులర్స్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి) అయితే సరిపోతాయి. పిట్టను ముందు ఉత్త కళ్లతో పట్టుకుని, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్లకు తెచ్చుకోండి. ఎండ వీపు వెనక ఉండాలి. సూర్యోదయం నుంచి పది గంటల దాకా మంచి వేళ. కొంచెం గుట్ట మీద నిలబడి కింది చెట్ల పైభాగం చూడగలిగితే మెడకు హాయి. మెర్లిన్ యాప్ ఆన్ చేస్తే వినిపించే పాట ఎవరిదో చెబుతుంది. సాయంగా వాడండి, కంటితో చూసే దాకా నమ్మొద్దు.

ఫోన్‌లో పాట ప్లే చేసి పిట్టను దగ్గరికి పిలవడం మాత్రం వద్దు. రాత్రంతా ఎగిరి కరిగిపోయిన కొవ్వును ఆ పిట్ట ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కూడబెట్టుకోవాలి. మన సరదా కోసం అది తినడం ఆపి, లేని ప్రత్యర్థి కోసం వెతుక్కోవడం అన్యాయం.

ఇండియాలో ఉన్నవాళ్లకూ ఒక మాట. హైదరాబాద్‌లో, మన ఊళ్లలో చింత, మామిడి చెట్ల గుబురుల్లో చలికాలమంతా సన్నగా అరుస్తూ ఆకుల మధ్య పురుగులు ఏరుకునే గ్రీనిష్ వార్బ్లర్ కూడా వలస పిట్టే. కుటుంబం వేరు, పని అదే. వేసవి ముదిరేలోపు ఉత్తరానికి వెళ్లిపోతుంది. పైన చెప్పిన నాలుగో మెట్టు దానికీ పనికొస్తుంది.

7. మీ ఇంటి దగ్గర పురుగును బతకనివ్వండి

ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పిట్టల్ని చూసి ఆనందించేవాళ్లు వాటి తిండి గురించి పట్టించుకోకపోతే ఎలా?

కరోలినా చికడీ అనే చిన్న పిట్ట ఒక్క కాన్పు పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళి పురుగులు తెస్తుంది. వాషింగ్టన్ డీసీ శివారు ఇళ్ల పెరళ్లలో డెసిరే నరాంగో బృందం చేసి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పెరట్లోని పచ్చదనంలో కనీసం 70 శాతం స్థానిక చెట్లూ మొక్కలూ అయితేనే చికడీల సంఖ్య నిలబడుతుంది. మన కంది, శనగ చేలల్లో పచ్చ పురుగు కోసం రైతులు పక్షి స్థావరాలు పాతుతారు. పురుగుకూ పిట్టకూ ఉన్న లంకె తెలిసినవాళ్లం కాబట్టి మనకిది కొత్తగా చెప్పక్కర్లేదు.

వసంతంలో తలుపు తట్టి యార్డ్ అంతా దోమల మందు కొడతామనే కంపెనీలకు ఒప్పుకోకండి. ఆ పైరిత్రాయిడ్ మందు దోమతో ఆగదు, ఆకు మీది గొంగళి పురుగునూ చంపుతుంది. నిలవ నీళ్లు పారబోయండి. అప్పటికీ దోమలుంటే ఒక బకెట్ నీళ్లలో గడ్డి వేసి, బీటీఐ బిళ్ల (దోమ పిల్ల పురుగులను చంపే బ్యాక్టీరియా ఉన్నది) ఒకటి పడేయండి. దోమలు అందులో గుడ్లు పెడతాయి, పిల్ల పురుగులు అక్కడే చస్తాయి, చెట్టు మీది పురుగు జోలికి అది పోదు. ఓక్ కింద రాలిన ఆకులను ఊడ్చి సంచుల్లో కట్టకండి. చాలా పురుగులు మేత అయ్యాక కిందికి దిగి, ఆ ఆకుల్లోనో మట్టిలోనో ప్యూపాగా మారతాయి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నోటీసు వస్తుందన్న టెన్షన్ ఉంటే, చెట్టు చుట్టూ గుండ్రంగా ఒక మడి కట్టి ఆకులన్నీ అందులోకి తోయండి. శుభ్రంగానూ కనిపిస్తుంది.

టౌన్‌హౌస్‌లో, అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు కిటికీ సంగతి చూడొచ్చు. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 100 కోట్ల దాకా పక్షులు అద్దాలకు కొట్టుకుని చనిపోతున్నాయని అంచనా. షికాగోలో మెకార్మిక్ ప్లేస్ అనే ఒక్క భవనం దగ్గర 2023 అక్టోబర్‌లో ఒక్క రాత్రి గడిచేసరికి వెయ్యికి దగ్గరగా పిట్టలు చచ్చి పడున్నాయి. కిటికీ అద్దానికి బయటివైపు 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటించండి. ఒకటి రెండు గద్ద బొమ్మలు అంటిస్తే లాభం లేదు, వాటి పక్కనుంచి పోతాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో బయటి లైట్లు ఆపేయండి.

చోటుంటే ఓక్ నాటండి. శరదృతువులో పార్క్‌లో రాలిన కాయల్లో చిల్లు లేనివి, నీళ్లలో మునిగేవి ఏరుకోండి. వైట్ ఓక్ కాయ ఆ శరత్తులోనే వేరు తొడుగుతుంది, దొరికిన వారంలోపే నాటేయాలి. రెడ్ ఓక్ కాయకు ఒక చలికాలం గడవాలి, తడి మట్టితో కవర్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి వసంతంలో నాటుకోవచ్చు. అంగుళం లోతు చాలు. పైన ఇనుప జాలీ కప్పకపోతే ఉడుతలు తవ్వుకుపోతాయి. మొలక నిలదొక్కుకున్నాక జింకలు కొరకకుండా చుట్టూ కంచె వేయండి. మొక్క మనిషెత్తు రాకముందే ఆకులకు చిల్లులు పడతాయి. వాటికి మందు కొట్టొద్దు.